నరసింహశతకమున మఱపు: అశక్తియా? అభక్తియా?

ధర్మపురి గోదావరీతీరమునందలి ప్రాచీనక్షేత్రము. నది యిచ్చట దక్షిణాభిముఖముగాఁ బ్రవహించుటచే దీనికి దక్షిణవాహినీక్షేత్రమని ప్రసిద్ధి కలిగినది. చిరకాలము కరీంనగరు జిల్లాలోనిదై, 2016వ సంవత్సరము అక్టోబరు మాసమున జరిగిన జిల్లాల పునర్విభజనమున జగిత్యాల జిల్లాలోఁ జేరినది. వేదాధ్యయనమువలన నీ క్షేత్రమునకుఁ గలిగిన ప్రతిష్ఠ పండితలోకమునకుఁ దెలిసినది. శేషప్పకవి నరసింహశతకమువలనఁ గలిగిన ప్రసిద్ధి యంతకంటెను వ్యాపకము. ధర్మపురిని గన్నులఁ జూడనివారును శతకమకుటమువలన నా యూరి పే రెఱుఁగుదురు.

ఈ శతకమునఁ జిత్రకవిత్వము లేదు; దీర్ఘసమాసములు తక్కువ. సీసము, దానిపైఁ దేటగీతి, తుదను మకుటము: ఇంతియే రచనాక్రమము. అందుచేతనే యిది వీథిబడులకును భజనగోష్ఠులకును సొత్తైనది. అందుచేతనే విమర్శకులు దీనిని సులభకావ్యమని యెంచి లోఁతుగాఁ బరిశీలింపకుండుటయుఁ దటస్థించినది. సులభమైన పద్యమున కర్థమును సులభమే యని తలఁచుట వ్యాఖ్యాతలకుఁ గలుగు ప్రమాదములలో మొదటిది. ఈ శతకమున మిక్కిలి ప్రచారముగల యొక పద్యమునకే యీ ప్రమాదము సంభవించినది.

ఆ పద్యము మరణకాలవిస్మృతిని గూర్చినది. దాని భావక్రమ మిట్లున్నది. మొదటి పాదమునఁ గవి, బ్రదికియున్నంతకాలము స్వామిభజనము తప్పనని ప్రతిజ్ఞచేసి, మరణకాలమున మఱతునేమొ యని శంకించును. రెండవ పాదమున యమదూతల రాకయుఁ బ్రాణములను బెకలించుటయు వర్ణితములు. మూఁడవ పాదమునఁ గఫవాతపైత్యములు గప్పుటయు, భ్రమయు, శరీరకంపమును జెప్పఁబడినవి. నాలవ పాదమున, ఆ వేళ నాలుక స్వామినామమును బలుకఁగలుగునో, శ్రమచేతఁ బలుకలేకపోవునో యను సందేహము. తేటగీతిలోఁ, గావున నా నాఁటికై యిప్పుడే నామభజనము చేయుదును, చెవియొగ్గి వినుమని విన్నపము. ధర్మపురి దేవాలయప్రాంగణమున యమధర్మరాజునకుఁ బ్రత్యేకముగా గుడి యున్నదన్న విషయము నెఱిఁగినవారికి, రెండవ పాదమునందలి యమదూతప్రసక్తి కేవలము కవిసమయానుసారి కాక, స్థలమునుండి పుట్టినదని స్ఫురింపకపోదు.

ఈ పద్యమునకు రెండువిధములైన తాత్పర్యములు చెప్పవచ్చును. భక్తి దృఢముగానున్నవానికి నంత్యస్మృతి తప్పదు; మఱచినవాఁడు పూర్వమందు భక్తిహీనుఁడే; కావున మఱపు భక్తిలోపమునకుఁ జిహ్నమని యొక పక్షము. మఱపు శరీరధర్మమువలనఁ గలుగు నశక్తి. దానికి భక్తిహీనత కారణము గాదని రెండవ పక్షము. ఇది కేవలము పండితవివాదము గాదు. ఏ యింట వృద్ధుఁడు కన్నబిడ్డల పేరులు మఱచుచున్నాఁడో, నిత్యపారాయణము చేసిన స్తోత్రమునడుమ నాఁగిపోవుచున్నాఁడో, ఆ యింటివారు చిన్నతనమున బడిలో నేర్చిన పద్యమునకు మొదటి యర్థమునే గ్రహించినచో, ఆ వృద్ధుని నిందింతురు. రెండవ యర్థమును గ్రహించినచో నాదుకొందురు. కావున నిందేది కవిహృదయమో నిర్ణయింపవలసియున్నది.

నిర్ణయమునకు శబ్దమే ప్రమాణము. కవి “మఱతును” అని నిశ్చయముగా ననలేదు. సందేహార్థకమైన “ఏమొ” యను పదమును జేర్చెను. తన భక్తిని గూర్చి మొదటనే ప్రతిజ్ఞచేసినవాఁడు దానిని గూర్చియే మరల సందేహించుట పొసఁగదు. ప్రతిజ్ఞకు విషయము భక్తి. సందేహమునకు విషయము శక్తి. విషయభేద మంగీకరింపనిచో మొదటి పాదమునందే పూర్వోత్తరవిరోధము సంభవించును. ఇది మొదటి యుపపత్తి.

రెండవది యంతకంటె బలవత్తరము. తెలుఁగున వ్యతిరేకము రెండు తెఱఁగులఁ బలుకఁబడును. “పిలువను” అనుచోట నిచ్ఛ లేమి తెలియును; “పిలువలేను” అనుచోట సామర్థ్యము లేమి తెలియును. “రాను” అన్నవానిపైఁ గోపింపవచ్చును. “రాలేను” అన్నవానికిఁ జేయూఁత నీయవలెను. ఈ భేదము పామరులకును దెలిసినది. శేషప్పకవి నాలవ పాదమున నుపయోగించినది రెండవ రూపము. పైఁగా దానికి “శ్రమ” హేతువుగాఁ జెప్పఁబడినది. మూఁడవ పాదమున “భ్రమ” హేతువుగాఁ జెప్పఁబడినది. రెండుచోట్లను “చేత” యను ప్రత్యయము హేత్వర్థకము. హేతువు కంఠోక్తముగా నుండఁగా, మఱియొక హేతువును, అనఁగా భక్తిలోపమును, వ్యాఖ్యాత కల్పించుట న్యాయ్యము గాదు.

మూఁడవ యుపపత్తి క్రియాభేదమువలనఁ గలుగునది. “తలఁచు” అనునది యిచ్ఛాపూర్వకమైన వ్యాపారము. “జ్ఞాపకము వచ్చు” అనునది యట్టిది గాదు. “నాకు జ్ఞాపకము వచ్చినది” అనుచోట జ్ఞాపకము కర్త. మనుష్యుఁడు వచ్చినదానిని బొందువాఁడుమాత్రమే. ఉత్తర తెలంగాణమున జ్ఞాపకమునకు “యాది” యని వాడుక. పారసీకమునుండి యుర్దూద్వారమున వచ్చిన యీ మాటయు నదే వాక్యరీతిని బొందినది. యాది వచ్చును, యాదికి రాదు, అందురు. స్మృతి పిలిచినప్పుడెల్ల వచ్చు దాసి కాదని భాషయే చెప్పుచున్నది. శేషప్పకవి తేటగీతిలో “తలఁచు” అను ధాతువును బ్రయోగించి, తన వశమందున్న వ్యాపారము నిప్పుడు చేయుదుననియు, వశమందు లేనిదానిని గూర్చి ముందే భయపడుచున్నాననియు సూచించెను. కావున రెండవ పక్షమే సిద్ధాంతము.

ఈ పద్యమునకు సంస్కృతమున సమానభావముగల శ్లోక మొకటి ముకుందమాలయందుఁ గలదు. అందుఁ గులశేఖరుఁడు తన మనస్సను రాజహంస శ్రీకృష్ణపాదపద్మమను పంజరమున నేఁడే ప్రవేశింపవలెనని కోరి, ప్రాణప్రయాణసమయమునఁ గఫవాతపిత్తములచేఁ గంఠ మవరుద్ధమైనప్పుడు స్మరణ మెక్కడిదని యడుగును. రెండింటికిని బోలిక స్పష్టమే. అయినను భేదము గమనింపఁదగినది. సంస్కృతశ్లోకమునందలి ప్రశ్న నిషేధార్థకము. స్మరణము పొసఁగదనియే దాని తాత్పర్యము. తెలుఁగుపద్యమున నున్నది సందేహము, వచ్చునేమో, రాదేమో. కులశేఖరుఁడు మనస్సును బ్రవేశింపఁజేయఁ గోరెను; శేషప్ప నాలుకను బనిచేయింపఁ బూనెను. మనోవ్యాపారముకంటె నాలుకకు నలవడిన పలుకు దృఢతరమన్న విషయము అధ్యయనపరులకుఁ దెలియనిది గాదు. అర్థ మెఱుఁగని బాలుఁడు పదపాఠమును, క్రమమును, జటను, ఘనను ధారణఁ జేయుట యీ బలముచేతనే. పేరులను, తేదులను మఱచిన వృద్ధుఁడును జిన్ననాఁట నేర్చిన పాటను, సంధ్యావందనమును దడఁబడక చెప్పుట యిండ్లయందుఁ గానవచ్చుచునేయున్నది. ఈ యంశమునఁ దెలుఁగుకవి లోకమును దగ్గఱనుండి చూచినవాఁడు.

ఇచ్చట నొక యాశంక కలుగును. పద్యమునఁ జెప్పఁబడినది మరణసమయమునందలి భ్రమ. అది కొన్ని గడియలలోనో, దినములలోనో ముగియునది. వార్ధకమున మెల్లమెల్లగా వ్యాపించి యేండ్లకొలఁది నిలుచు బుద్ధిమాంద్యము వేఱు. రెండింటిని నేకము చేయుట యెట్లు? ఈ యాశంక సమంజసమే. జ్వరాదులవలన హఠాత్తుగాఁ గలుగు సంభ్రాంతిని, క్రమముగాఁ బెరుఁగు స్మృతిక్షయమును వైద్యులు వేఱువేఱుగానే పరిగణింతురు. రెండవదానికి డిమెన్షియా యని పేరు; అల్జీమరు వ్యాధి దానికిఁ గారణములలో ముఖ్యమైనది. ఇది వయస్సుతోడ నందఱికిఁ గలుగు సామాన్యపు మఱపు గాదు, రోగము. భారతదేశమున నఱువది సంవత్సరములకుఁ బైఁబడినవారిలో నూటికి 7.4 మంది, మొత్తముమీఁద సుమారు 88 లక్షలమంది దీనితో నున్నారని 2023లో వెలువడిన జాతీయపరిశోధన మంచనావేసినది. కాఁబట్టి శేషప్పకవి డిమెన్షియాను వర్ణించెనని చెప్పుట సాహసము. ఆయన చెప్పినది రెండింటికిని సామాన్యమైన యొక తత్త్వము: శక్తి తొలఁగిపోవు నాఁటికై శక్తియున్న నాఁడే చేయఁదగినది చేయవలెనని. ఈ తత్త్వము నిజమా కాదా యనునది యిఁకఁ బరీక్షింపవలసినది.

ఈ విషయమునఁ దెలుఁగుదేశమునందే జరిగిన పరిశోధన మొకటి మిక్కిలి ప్రసిద్ధమైనది. హైదరాబాదునందలి నిజాము వైద్యవిజ్ఞానసంస్థకు వచ్చిన 648 మంది డిమెన్షియారోగులను బరీక్షించి, డాక్టరు సువర్ణ అల్లాడియుఁ దోడిపరిశోధకులును 2013లోఁ దమ ఫలితములను బ్రకటించిరి. వారిలో 391 మంది రెండుగాని యంతకెక్కువగాని భాషలు మాటలాడువారు. ఏకభాషులకంటె వీరికి వ్యాధి సుమారు నాలుగున్నర సంవత్సరములు తడవుగాఁ బొడసూపినది. అక్షరజ్ఞానము లేనివారియందును నీ భేదము కానవచ్చుట విశేషము. దీనివలన భేదమునకుఁ జదువొక్కటియే కారణము గాదని తేలుచున్నది. రోగులై వచ్చినవారిని బరిశీలించి చేసిన నిర్ణయ మగుటచే, రెండు భాషలు నేర్చినవానికి వ్యాధి రాదని దీనినుండి యూహింపరాదు. తడవుగా వచ్చిన దనునదియే యిందలి సారము. తెలుఁగు, ఉర్దూ, మరాఠీ, గోండీ, కోలామీ భాషలు సంతలలోఁ గలిసిమెలసి వినవచ్చు కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములకు నిది యుపేక్షింపఁదగిన వార్త కాదు. రెండు భాషలు మాటలాడువాఁడు క్షణక్షణము నొకదాని నాపి వేఱొకదానిని వెలికిఁ దీయవలసియుండును. ఆ జీవితపర్యంతాభ్యాసము బుద్ధికి వ్యాయామమగునని పరిశోధకుల యూహ. “యాది” యను నొక్క మాటయే రెండు భాషల సంగమమునకు సాక్షి.

2024లో లాన్సెటు వైద్యపత్రికవారి విద్వత్సంఘము, జీవితమున మార్చుకొనఁదగిన పదునాలుగు కారణములను బేర్కొని, లోకమునందలి డిమెన్షియాలో నూటికి సుమారు 45 పాళ్లు వానికి సంబంధించినవని తెలిపినది. అధికరక్తపీడనము, మధుమేహము, పొగత్రాగుట, వినికిడిలోపము, చికిత్సచేయని దృష్టిలోపము, ఒంటరితనము మొదలగునవి వానిలోఁ జేరినవి. చిన్నతనమునఁ జదువు కొఱవడుటయు నందొకటి. గోదావరికి నెగువనున్న బాసరలో సరస్వతీసన్నిధిని బాలురకు నక్షరాభ్యాసము చేయించుట యీ ప్రాంతముల వాడుక. ఆ పలకపై దిద్దిన యక్షరము డెబ్బదియేండ్ల తరువాతి బుద్ధికిఁ గూడఁ గొంత యాధారమగునన్నచో, “నాఁటి కిప్పుడే” యను శేషప్పకవి వాదము కేవలము వైరాగ్యోక్తి గాదని స్పష్టము.

అయితే యీ వాదమును మితిమీఱి సాగదీయుటయు దోషమే. వేదపండితుల ధారణాభ్యాసము మెదడునందు మార్పు కలిగించునని 2016లోఁ బ్రకటితమైన పరిశోధన మొకటి కలదు. అందు 21 మంది శుక్లయజుర్వేదపండితులను, 21 మంది యితరులను బోల్చి చూచి, స్మృతికిని భాషకును సంబంధించిన కొన్ని భాగములయందుఁ బండితులకు ధూసరద్రవ్య మధికముగా నున్నదని కనుఁగొనిరి. ఈ వార్త విని, వేద మధ్యయనము చేసినవారికి వార్ధకవిస్మృతి లేదని ప్రచారము చేయువారు కలరు. పరిశోధనమునఁ బాల్గొనినవారు వృద్ధులు గారు. వారికి ముందు వ్యాధి వచ్చునో రాదో యనునది యందు విచారింపఁబడనేలేదు. లేని యర్థమును వాక్యమున కంటఁగట్టుట మీమాంసకులు నిందించిన దోషము. పండితులే యాచరించుట మఱింత నింద్యము.

ఇట్లే అమెరికాలో 2,832 మంది వృద్ధులతో జరిగి 2002లోఁ బ్రకటింపఁబడిన పరీక్షయందు, కొందఱికి స్మృతికిని, కొందఱికి యుక్తికిని, కొందఱికి నవధానవేగమునకును శిక్షణము నొసఁగిరి. ఎవరికి దేనియందు శిక్షణము నొసఁగిరో వారి కందే యభివృద్ధి కానవచ్చినది. ఒకదాని ఫల మింకొకదానికి సంక్రమింపలేదు. దీనినిబట్టి శ్లోకములు వల్లించువానికి శ్లోకములయందే ధారణ బలపడును; ఇంటి తాళముచెవి యెక్కడ నుంచెనో యది వానికి స్ఫురింపనక్కఱ లేదు. అన్నంభట్టు తర్కసంగ్రహమున స్మృతి సంస్కారమాత్రముననే పుట్టు జ్ఞానమని నిర్వచించెను. ఏ సంస్కారమున కా స్మృతియే యనుట యీ లక్షణమున కనుగుణము. శేషప్పకవియు నామభజనముచే నామస్మరణమునే కోరెను గాని సకలస్మరణమును గోరలేదు. ఆయన యౌచిత్యము నిచ్చటఁ బ్రశంసింపవలెను.

ఇంతవఱకు ముందుజాగ్రత్త విషయము. ఆ “నాఁడు” వచ్చియే యున్న వానికి గతి యేమి? పద్యమునుండి చదువరి యడుగవలసిన రెండవ ప్రశ్న యిది. ఇచ్చటనే వార్ధకబుద్ధిక్షయమునకు నేఁటి వైద్యులు చేయు పునరుద్ధరణసాధన, వారి వాడుకలోఁ గాగ్నిటివు రిహాబిలిటేషను, ప్రసక్తమగుచున్నది. దీనినిఁ బై శిక్షణములతో నేకము చేయరాదు. పోయిన స్మృతిని మరలఁ దెచ్చుట దీని యుద్దేశము గాదు. ఉన్న శక్తితోఁ జేయవలసిన పనిని జేయుట కుపాయములు గల్పించుటయే దీని లక్ష్యము. ఇంగ్లండు, వేల్సు దేశములయందు 475 మందితో జరిగి 2019లోఁ బ్రకటితమైన పరీక్షను దీనికి నిదర్శనముగాఁ జూపవచ్చును. రోగి తనకుఁ బ్రియమైన పనిని, మఱలఁ జేయఁగోరినదానిని దానే యెన్నుకొనును. శిక్షకుఁడు వాని యింటికే పోయి, యింటివారిని గూడఁ గలుపుకొని, మూఁడు మాసములలోఁ బదిమాఱులు, తరువాత నాఱుమాసములలో నాలుగుమాఱులు సాధన చేయించును. ఎన్నుకొనిన పనులయందు స్పష్టమైన యభివృద్ధి కలిగినది. స్మృతిపరీక్షలలో మాత్రము భేదము కానరాలేదు. అనఁగా స్మృతి మఱలకున్నను జీవితము కొంత మఱలినది. శక్తి పోయినచోట నుపాయము నిలిచినది.

ఈ యుపాయములకు మూల మేమని విచారించువారికిఁ జరకసంహిత శారీరస్థానము ప్రథమాధ్యాయమున స్మృతికిఁ జెప్పఁబడిన యెనిమిది కారణములు స్మరింపఁదగినవి: నిమిత్తము, రూపగ్రహణము, సాదృశ్యము, విపర్యయము, సత్త్వానుబంధము, అభ్యాసము, జ్ఞానయోగము, పునఃశ్రవణము. గౌతముని న్యాయసూత్రములయందుఁ దృతీయాధ్యాయమున నిట్టి కారణములు మఱింత విస్తరముగా నిరువదికిఁ బైగాఁ జెప్పఁబడినవి. వానిలోఁ బ్రణిధానము, లింగము, సాదృశ్యము, సంబంధము, ఆనంతర్యము మొదలగునవి గలవు. వీనిలో నొక్క యభ్యాసముమాత్రమే పూర్వసాధనమున కధీనము. తక్కినవానిలోఁ బెక్కింటిని బరులు గూర్పవచ్చును. తలుపుమీఁద స్నానపుగదియని బొమ్మ వ్రాసి యుంచుట లింగము. మందు త్రాగుటను నిత్యము భోజనానంతరమే జరుపుట ఆనంతర్యము. మనుమరాలిని “నీ చెల్లెలిని బోలిన పిల్ల” యని చెప్పుట సాదృశ్యము. ఒక మాటను గొంత విరామ మిచ్చి, యా విరామమును మెల్లగాఁ బెంచుచు మరలమరల వినిపించి యడుగుట పునఃశ్రవణము. నేఁటి శిక్షకు లుపయోగించు సాధనములలోఁ బెక్కు లీ తెగలలోనే చేరును. చరకుఁడు డిమెన్షియాకుఁ జికిత్స నెఱిఁగెనని దీని భావము గాదు. స్మృతి కారణములను విభజించుటలో నా పరిశీలనము దృఢమైనదని మాత్రము.

2003లో ఇంగ్లండున బరీక్షితమై, పిమ్మటఁ జెన్నపురియందుఁ దమిళమునకును ననువుపఱుపఁబడిన మఱియొక పద్ధతియు నిట్టిదే. వారమునకు రెండుసారులు, మొత్తము పదునాలుగు గోష్ఠులు. పాటలు, పాతవస్తువులు, పదములాటలు, అన్నపానములు మొదలగువానిని గూర్చి సంభాషణము. అల్పమధ్యమస్థితులలో నున్నవారికిఁ గొంత మేలు కలుగునని తేలినది. ఇందలి ముఖ్యనియమము వృద్ధుని బరీక్షింపకుండుట. “నేనెవరో చెప్పుము” అని యడుగరాదు; “ఈ పాటను గూర్చి నీ వేమందువు” అని యడుగవలెను. తెలుఁగున సామెతలకు, పొడుపుకథలకు, కోలాటపుఁబాటలకుఁ గొఱఁత లేదు. బతుకమ్మ పాటలో మొదటి చరణ మెత్తినచోఁ దక్కినదానిని బూరింపఁగల ముదుసళ్లు ప్రతి యూరను గలరు. వీనితో నిట్టి గోష్ఠులను నడపుటకు సామగ్రిని సమకూర్చుట సాహిత్యసంఘముల వలనఁ గాఁదగిన పని.

వ్యాకరణమున నీ విషయమున కొక చక్కని సూచన గలదు. పాణిని తృతీయాధ్యాయ ద్వితీయపాదమున, స్మరణార్థకమైన పద ముపపదముగా నున్నప్పుడు, గడచినదానినిఁ జెప్పుటకు భవిష్యదర్థకమగు లృట్టును విధించెను. “దేవదత్తా, కాశ్మీరమున నుందుము, జ్ఞాపకమున్నదా?” అని దాని కుదాహరణార్థము, “ఉంటిమి” యని భావము. ఇది సాధుత్వమాత్రవిషయమగు విధి. దీనినుండి తత్త్వమును బిండుట తగదు. అయినను నుదాహరణమునందలి సన్నివేశము గమనింపఁదగినది. అందు మఱచినవాఁడు, జ్ఞప్తిసేయువాఁడు నిద్దఱును గలరు. ఇద్దఱును గలిసి యుండిన కాలమే జ్ఞప్తిసేయఁబడుచున్నది. స్మరణము దేవదత్తుని యొక్కని పని కాదు. నేఁటి శిక్షకులు వృద్ధునితోఁ గూర్చుండి చేయునదియు నిదియే.

ఈ దృష్టితోఁ జూచినచో శేషప్పకవి పద్యమున నొక కొఱఁతయు, నొక మేలును గలవు. కొఱఁత యిది: పద్యమున బాధపడువాఁడు గలఁడు, యమదూతలు గలరు, స్వామి గలఁడు, ఇంటివారు లేరు. కంపమునొందుచున్న వానిచెంతఁ గూర్చుండి, చెవిలో నా నామమును బలుకు కొడుకుగాని, కోడలుగాని, శిష్యుఁడుగాని కనఁబడఁడు. శతకము కవిదైవతముల సంవాద మగుటచే నితరుల కందుఁ జోటు లేదని సమాధానము చెప్పవచ్చును. కాని పద్యమును జదివి తాత్పర్యము చెప్పువాని కా నిర్బంధము లేదు.

మేలు తేటగీతి చివర నున్నది. కవి స్వామిని “విను” మని కోరెను. ఇప్పుడు చేయు భజనము నాఁటి కుపయోగింపవలెనన్నచో, దాని నీ నడుమ నెవరో భద్రపఱుపవలెను. చేసినవాఁడు మఱచునని పద్యమే యొప్పుకొనుచున్నది. కావున విన్నవాఁడు జ్ఞప్తియందుంచుకొనవలెను. వినుమను ప్రార్థనమునకు ఫలిత మిదియే. వైష్ణవసంప్రదాయమున వరాహచరమశ్లోకమని ప్రసిద్ధమైన వచనమున నీ భావమే స్పష్టముగాఁ జెప్పఁబడినది: మనస్సు స్వస్థమై ధాతువులు సమముగా నున్నప్పుడు తన్ను స్మరించినవానిని, వాఁడు కట్టెవలె ఱాతివలెఁ బడియున్నప్పుడు తానే స్మరించెదనని భగవంతుఁడు ప్రతిజ్ఞచేయును. అందు స్మరించుభారము మఱచినవానినుండి తొలఁగి, మఱవనివానిపైఁ బడినది. భక్తుఁడు మఱచినందుకు నింద లేదు. మఱవనివానికిఁ గర్తవ్యము గలదు. శేషప్పకవి యిట్టి భావమునే మనస్సునఁ బెట్టుకొని స్వామిచెవిని గోరెనని పద్యాన్వయముచేఁ దేలుచున్నది.

కావున బడులలో నీ పద్యమును బోధించునప్పుడు, “చిన్నతనముననే భజన చేయవలె, లేకున్న ముసలితనమున మఱచెదవు” అను నొక వాక్యముతోఁ దాత్పర్యమును ముగించుట యసమగ్రము. అది పద్యమున సగము. “పిలువలేను” అనుటకును “పిలువను” అనుటకును గల భేదమును బాలునకు బోధించిన పండితుఁడు వ్యాకరణమును మాత్రమే బోధించినవాఁడు గాఁడు. ఆ బాలుఁ డింటికిఁ బోయి, తన పేరును మూఁడుసారు లడిగిన తాతకు నాలవసారియు విసుగక చెప్పుటకుఁ గారణమగును. తాతకు యాది రాలేదు. తాత మనుమని విడువలేదు. ఈ రెండు వాక్యములకు నడుమఁ గల దూరమే శేషప్పకవి పద్యమునకు సరియైన యర్థము.